కిగాలీకి బైబిలు పంతులు

2018 ఆగస్టు చివర్లో రువాండా ప్రభుత్వం ఒక చట్టం తెచ్చింది. సంఘానికి పెద్దగా నిలబడి బోధించే వ్యక్తికి వేదాంత విద్యలో డిగ్రీ ఉండాలి. వేరే డిగ్రీ ఉన్నవాళ్లయితే మతవిద్యలో గుర్తింపున్న సర్టిఫికెట్టయినా చూపించాలి. అవి లేనివాళ్లకు ఐదేళ్ల గడువు. అంతకు ముందే, ఆ ఏడాది తొలి నెలల్లో, రాజధాని కిగాలీలో ఏడు వందలకు పైగా చర్చిలకు తాళాలు పడ్డాయి. భవనాలకు భద్రత లేదని, శుభ్రత లేదని, మైకుల గోల భరించలేమని అధికారులు కారణాలు చెప్పారు. అధ్యక్షుడు పాల్ కగామే ఇంకో అడుగు ముందుకేసి, ఒక్క ఊళ్లో ఇన్ని చర్చిలేమిటి, ఇవేమన్నా నీళ్లిచ్చే బోర్లా, మన దేశంలో ఫ్యాక్టరీలైనా ఇన్ని ఉన్నాయా అని బహిరంగంగానే ఎకసెక్కమాడాడు. గడువు 2023లో తీరిపోయింది. 2024లో మళ్లీ తనిఖీలు జరిగాయి, ఈసారి దేశమంతటా వేల సంఖ్యలో ప్రార్థనా మందిరాలు మూతపడ్డాయి.

దాంతో అక్కడ బైబిలు కాలేజీలకు గిరాకీ పెరిగింది. నెరిసిన జుట్టుతో, పాతికేళ్ల అనుభవంతో ఉన్న పాస్టర్లు పలకా బలపం పట్టినట్టు మళ్లీ బెంచీల మీద కూర్చుంటున్నారు. వాళ్లకు పాఠం చెప్పడానికి అమెరికా నుంచి, కొరియా నుంచి, బ్రిటన్ నుంచి పంతుళ్లు విమానాలు దిగుతున్నారు. ఇప్పుడు సికింద్రాబాదులో ఉంటున్న ఒక రిటైర్డ్ ఆచార్యుడికి కూడా అక్కడి శిక్షణ కేంద్రం ఒకటి కబురు పెట్టింది. ఆయన మూడు దశాబ్దాలు పాత నిబంధన, హెబ్రీ చెప్పినవాడు. రెండు వారాలు వచ్చి న్యాయాధిపతుల గ్రంథం దాకా పాఠం చెప్పిపొమ్మన్నారు. ఆయన సరేనన్నాడు. ప్రకాశం జిల్లాలో పల్లె పాస్టర్లకు వారం వారం తరగతులు నడిపే ఆయన మేనకోడలు మాత్రం వద్దే వద్దంటోంది.

“ముందు ఆ చట్టం సంగతి చెప్పండి మామయ్యా. బోధకుడికి డిగ్రీ ఉండాలని సర్కారు శాసించడం మీకు నచ్చిందా?”

“సర్కారు శాసించడం నచ్చలేదు. కానీ చదువు ఉండాలనడం నచ్చింది. మన దగ్గర చూడు. రేకుల షెడ్డూ, రెండు సౌండు బాక్సులూ ఉంటే చాలు, మర్నాటి నుంచి దైవజనుడే. వాక్యాన్ని ముందూ వెనకా తెంపి, మధ్య ముక్క పట్టుకుని, నూనె సీసా అమ్ముకునేవాణ్ణి ఆపేదెవరు? వినేవాళ్లకే ఆ ముక్క ముందూ వెనకా ఏముందో తెలిస్తే వాడి ఆట సాగదు. ఆ తెలివి సంఘానికి రావాలంటే ముందు పాస్టరుకు రావాలి కదమ్మా.”

“పేతురు ఏ కాలేజీలో చదివాడు? అపొస్తలుల కార్యముల్లో సన్హెద్రిను పెద్దలు ఆశ్చర్యపోయింది వీళ్లు చదువులేని పామరులని తెలిసే కదా. అంత దూరం ఎందుకు, మా జిల్లాలోనే చూద్దాం. ఎర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారం చేసుకునే మాదిగ పెద్ద. 1866లో, అమెరికా మిషనరీ క్లాఫు దొర ఒంగోలులో స్థిరపడకముందే, బాప్తిస్మం తీసుకున్నాడు. చుట్టాల ఇళ్లకూ, పక్క పల్లెలకూ తిరిగి సువార్త చెప్పింది ఆయనా, ఆయన భార్య నాగమ్మా. మా వైపు మాదిగపల్లెల్లో లేచిన క్రైస్తవ కదలికకు మూలపురుషుడు ఆయనే. అమెరికా సెమినరీ నుంచి వచ్చినవాళ్లు తర్వాత వచ్చి లెక్కలు రాసుకున్నారు.”

“పేరయ్యను నేనెందుకు కాదంటాను? కానీ కథను నువ్వు సగంలో ఆపేశావు. 1876 నుంచి 78 దాకా గొప్ప కరువు. క్లాఫు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని జనానికి కూలి చూపించాడు. కరువు తీరాక 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మాలు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో దిగి వంతులవారీగా ఇచ్చారు. ఆరు వారాల్లో దాదాపు తొమ్మిది వేల మంది. సరే, మర్నాడు ఏం జరగాలి? ఆ తొమ్మిది వేల మంది ఇళ్లల్లో పెళ్లికీ, చావుకీ, తగాదాకీ వాక్యం ఏం చెబుతుందో చెప్పేదెవరు? అందుకేగా 1870ల్లో మొదలైన రామాయపట్నం సెమినరీ మీద అంత భారం పడింది. పేతురును చెప్పావు, పౌలును వదిలేశావు. ఆయన గమలీయేలు పాదాల దగ్గర చదువుకున్నవాడే. ఇద్దరూ ఉన్నారు కాబట్టే సంఘం నిలిచింది.”

మేనకోడలు ఇక్కడ వాదన మార్చింది. చదువు కావాలా వద్దా అన్న దానిమీద పట్టుపడితే మామయ్య గెలుస్తాడని ఆమెకు తెలుసు. నిజానికి ఆమె రోజూ చేస్తున్న పనే అది.

“సరే, చదువు కావాలి. రువాండాలో చదువుకున్న పాస్టర్లు లేకపోయారా? ఎలిజాఫాన్ న్టకిరుటిమాన పేరు మీకు తెలియనిది కాదు. అడ్వెంటిస్టు సంఘంలో పెద్ద పాస్టరు, పశ్చిమ రువాండాలో ఆ సంఘానికి అధ్యక్షుడు. 1994 ఏప్రిల్ 16న ముగొనేరో చర్చీ ఆసుపత్రీ ఉన్న ఆవరణలో తలదాచుకున్న టుట్సీలను ఊచకోత కోశారు. వాళ్లలో ఆయన కింద పనిచేసిన పాస్టర్లూ ఉన్నారు. అంతర్జాతీయ ట్రిబ్యునల్ 2003లో ఆయనకు పదేళ్ల శిక్ష వేసింది. డాక్టరైన కొడుక్కి అంతకంటే పెద్ద శిక్ష. ఆ ట్రిబ్యునల్ శిక్ష వేసిన మొదటి మతబోధకుడు ఆయనే. అమాయకపు పల్లెటూరి బోధకుడు కాదు మామయ్యా. అన్నీ చదివినవాడు.”

మామయ్య కాసేపు మాట్లాడలేదు. ఇది మాటల చమత్కారంతో దాటేసే విషయం కాదు. హుటూ తీవ్రవాదులు టుట్సీల మీద సాగించిన ఆ మారణకాండలో, 1994 ఏప్రిల్ నుంచి జులై దాకా దాదాపు వంద రోజుల్లో చచ్చిపోయినవాళ్లు ఎనిమిది లక్షలని ఒక లెక్క, పది లక్షలు దాటారని రువాండా ప్రభుత్వ లెక్క. చంపినవాళ్లలోనూ చచ్చిపోయినవాళ్లలోనూ అత్యధికులు బాప్తిస్మం పొందినవాళ్లే. న్యమాట, న్టరామ ఊళ్లలో జనం ప్రాణభయంతో చర్చిలోకి పరుగెత్తారు. ఆ చర్చిలే వధ్యశిలలయ్యాయి. ఇప్పుడు రెండూ స్మారకాలు. న్యమాటను యునెస్కో 2023లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

“డిగ్రీ మనిషిని మంచివాణ్ణి చేస్తుందని నేనెప్పుడూ అనలేదు” అన్నాడు చివరికి. “కానీ ఆ ఊచకోతకు వెనక ఒక పాఠం ఉంది. ఎవరో తప్పుగా చెప్పిన బైబిలు పాఠం. నేను వెళ్లేది ఆ పాఠం దగ్గరికే.”

ఆయన చెప్పేది ఆదికాండము తొమ్మిదో అధ్యాయం సంగతి. నోవహు ద్రాక్షారసం తాగి మత్తులో పడి ఉంటాడు, కొడుకు హాము చూస్తాడు, తెలివి వచ్చాక నోవహు శపిస్తాడు. ఎవరిని? హామును కాదు, హాము కొడుకు కనానును. ఇది బైబిలు తెరిచి చదివిన ఎవరికైనా కనబడుతుంది. అయినా శతాబ్దాల పాటు యూరపులోనూ, అమెరికాలోనూ ‘హాము శాపం’ అని ఒక కథ నడిచింది. నల్లవాళ్లు హాము సంతానం, కాబట్టి బానిసలు కావడం వాళ్ల రాత అని బానిస వ్యాపారులు ఆ కథను వాడుకున్నారు. పందొమ్మిదో శతాబ్దం వచ్చేసరికి అదే పేరును తిరగేశారు. ఆఫ్రికాలో రాజ్యాలు కట్టినవాళ్లు, పశువుల మందలున్నవాళ్లు కనబడితే, వీళ్లు మామూలు నల్లవాళ్లు కారు, ఉత్తరం నుంచి దిగి వచ్చిన ‘హామీయులు’, తెల్లవాళ్లకు దూరపు చుట్టాలు అన్నారు. నైలు నది పుట్టుకను వెతికిన జాన్ హానింగ్ స్పీక్ 1863లో అచ్చేసిన ప్రయాణ గ్రంథంలో విక్టోరియా సరస్సు చుట్టుపక్కల పాలకవర్గాలకు ఇలాంటి ఇథియోపియా మూలమే కట్టబెట్టాడు. తర్వాత వచ్చిన జర్మన్, బెల్జియం పాలకులూ, మిషనరీలూ దాన్నే రువాండాలో టుట్సీలకు అతికించారు. ఒకే భాష మాట్లాడే, ఒకే కొండల మీద కలిసి బతికే జనంలో కొందరు పుట్టుకతో ఏలేవాళ్లు, మిగతావాళ్లు పుట్టుకతో మోసేవాళ్లు అయిపోయారు. 1930ల్లో బెల్జియం వాళ్లు గుర్తింపు కార్డుల మీద జాతి పేరు అచ్చేశారు.

“దాని చివర ఏమైందో చూడు” అన్నాడు మామయ్య. “మొదట గొప్పతనానికి చెప్పిన కథే తర్వాత వేటుకు సాకు అయింది. వచ్చినవాళ్లయితే పరాయివాళ్లే కదా, వచ్చిన దారినే ఇథియోపియాకు పంపుదాం, న్యబరోంగో నది మీదుగా పంపుదాం అని 1992 నవంబరులో లియోన్ ముగెసెరా అనే నాయకుడు సభలో మాట్లాడాడు. 1994లో ఆ నదిలో శవాలు తేలాయి. ఇప్పుడు చెప్పు, ఆదికాండము పదో అధ్యాయం తెరిచి, హాముకు నలుగురు కొడుకులు, కూషు, మిస్రాయిము, పూతు, కనాను, శాపం తగిలింది ఒక్క కనానుకే, ఇథియోపియా వైపు పేరు కూషుది, ఈ వంశావళి ఎవరినీ ఎవరి కిందా పెట్టలేదు అని చూపించడానికి పంతులు అక్కర్లేదా?”

“అక్కర్లేదనను. ఆ పంతులు మీరే ఎందుకు కావాలి అంటున్నాను” అంది మేనకోడలు. “ఆ తప్పుడు పాఠం చెప్పింది ఎవరు? బయట నుంచి వచ్చిన పంతుళ్లే. ఇప్పుడు దిద్దడానికి మళ్లీ బయట నుంచి ఇంకో పంతులా? రువాండా వేదాంతి తార్సిస్ గత్వా 1900 నుంచి 1994 దాకా చర్చిలు జాతి సిద్ధాంతాన్ని ఎలా మోశాయో పెద్ద పుస్తకమే రాశాడు. 2005లో వచ్చింది. హుయే పట్నంలో ప్రొటెస్టెంట్ల విద్యాసంస్థ ఉంది. వేదాంత పాఠశాలగా మొదలై ఇప్పుడు చాలా శాఖలతో నడుస్తోంది. ఆంట్వాన్ రుటయిసీరె లాంటి ఆంగ్లికన్ పాస్టర్లు ఉన్నారు. ఊచకోతలో ప్రాణాలకు తెగించి ఇతరులను కాపాడిన క్రైస్తవుల సాక్ష్యాలు ఏర్చి పుస్తకం చేశారు. వాళ్ల ముందు మీరు కూషు, పూతు అని వేళ్లు మడిచి చెబుతారా?”

“వాళ్ల ముందు చెప్పను. వాళ్ల పక్కన నిలబడి చెబుతాను. వేల మంది డిగ్రీ తెచ్చుకోవాలంటే ఉన్న పది మంది మంచి పంతుళ్లు ఎక్కడని సరిపోతారు? వాళ్లు అడిగారు కాబట్టి వెళుతున్నాను. నేనుగా బయల్దేరలేదు.”

“అడిగారంటారు. అడిగేటప్పుడు ఖర్చు ఎవరిదో కూడా చూడాలి కదా. టిక్కెట్టు కొనేది అమెరికాలో ఒక సంఘం. పాఠ్యప్రణాళిక అచ్చయి వచ్చేదీ అక్కడి నుంచే. మీరు మధ్యలో గోధుమరంగు మొహం.”

ఈ దెబ్బ గట్టిదే. మామయ్య నవ్వేశాడు గానీ కాదనలేదు. ఈ డబ్బు సంగతి కొత్తది కాదు. 1957 డిసెంబరు ఆఖర్లో మొదలై 1958 జనవరిలో ముగిసిన ఘనా మిషనరీ మహాసభలో ‘థియలాజికల్ ఎడ్యుకేషన్ ఫండ్’ అనే నిధి పుట్టింది. మొత్తం నలభై లక్షల డాలర్లు. సగం రాక్‌ఫెల్లర్ సొమ్ము, మిగతా సగం అమెరికా మిషన్ బోర్డులు కలిపినది. ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికాల్లో సెమినరీ భవనాలు, గ్రంథాలయాలు, పాశ్చాత్య విశ్వవిద్యాలయాల్లో అధ్యాపకులకు పై చదువులు ఆ సొమ్ముతో జరిగాయి. తర్వాత ఆ నిధికే డైరెక్టరైన తైవాన్ వేదాంతి షోకీ కో, 1970ల మొదట్లో ఒక ఇబ్బందికరమైన ప్రశ్న లేవనెత్తాడు: మనం కట్టినవన్నీ పాశ్చాత్య నమూనాకు నకళ్లు కావా? బోధకుడు పనిచేయబోయే ఊళ్లో ఈ రోజు ఏం జరుగుతోందో ఆ చదువులోకి ఎలా వస్తుంది?

అదే కాలంలో కెన్యా వేదాంతి జాన్ మ్బీతీ ఒక కల్పిత కథతో ఈ సంగతినే చెప్పాడు. ఆయనా కేంబ్రిడ్జిలో 1963లో డాక్టరేటు తెచ్చుకున్నవాడే. కథలో ఒక ఆఫ్రికా యువకుడు జర్మన్, గ్రీకు, హెబ్రీ అన్నీ నేర్చి, యూరపు పండితుల పుస్తకాలను పెట్టెలకెత్తుకుని ఇంటికొస్తాడు. ఊరు ఊరంతా పండగ చేస్తుంది. ఇంతలో అతని అక్కకు దయ్యం పట్టి పడిపోతుంది. నువ్వు చదువుకున్నావు కదా, ఏదైనా చెయ్యి అని జనం అతని వైపు తిరుగుతారు. అతను పుస్తకం తీసి చూస్తే, దయ్యాలనేవి లేవని జర్మన్ పండితుడు రాసి ఉంటాడు.

“మ్బీతీ ఆ కథ చెప్పి ఊరుకోలేదమ్మా” అన్నాడు మామయ్య. “ఎనభై దాటాక, 2014లో, గ్రీకు నుంచి తన సొంత కికాంబ భాషలోకి కొత్త నిబంధన మొత్తాన్ని ఒంటి చేత్తో అనువదించి అచ్చేయించాడు. ఆ గ్రీకు ఆయనకు బయటి పంతుళ్లు నేర్పిందే. నేర్పినవాడి నమూనా వేరు, నేర్చుకున్నవాడి వాడకం వేరు. 2006లో వచ్చిన ఆఫ్రికా బైబిలు వ్యాఖ్యానాన్ని చూడు. డెబ్బై మంది ఆఫ్రికా పండితులు, ఒక్క సంపుటం. వాళ్లలో చాలా మంది విదేశీ పంతుళ్ల దగ్గర చదివినవాళ్లే. అయినా వాళ్ల వ్యాఖ్యానం వాళ్లదే. నేనిచ్చేది గొడ్డలి. దాంతో ఏ చెట్టు కొట్టాలో వాళ్లిష్టం.”

“రెండు వారాల్లో గొడ్డలి పట్టుకోవడం వస్తుందా? అజరయ్య బిషప్పుగారు మన మధ్యకు వచ్చారు. ఆయనా బయటివాడే, తిరునల్వేలి తమిళుడు. 1909లో డోర్నకల్ చేరి తెలుగు నేర్చుకున్నారు. 1912లో బిషప్పయ్యారు. 1945లో కన్నుమూసేదాకా ఇక్కడే. పల్లె బోధకులకు శిక్షణ ఇస్తే భార్యలను కూడా పక్కన కూర్చోబెట్టి చదివించారు, ఇంట్లో ఒకరికి తెలిసి ఒకరికి తెలియకపోతే బోధ నిలవదని. మూడున్నర దశాబ్దాలు! మీరు పద్నాలుగు రోజులు. అందులో రెండు ఆదివారాలు ప్రసంగాలకే పోతాయి. అనువాదకుడు పక్కన నిలబడి ప్రతి మాటా కిన్యర్వాండలోకి మారుస్తుంటే సగం గంటలు హారతి కర్పూరం. మిగిలింది ఆరు రోజుల పాఠం.”

ఆమె లెక్కలో అతిశయోక్తి తక్కువే. విదేశీ పంతుళ్లు వచ్చి చెప్పే ఈ ‘బ్లాక్ కోర్సు’ల సంగతి తెలిసినవాళ్లెవరైనా ముందు చెప్పేది ఇదే: తెచ్చుకున్న నోట్సులో సగం మొదటి రోజే పక్కన పెట్టాల్సి వస్తుంది. రువాండాలో ఇంకో చిక్కు ఉంది. ప్రభుత్వం 2008లో బళ్లలో బోధనా భాషను ఫ్రెంచి నుంచి ఇంగ్లీషుకు మార్చింది. అంచేత ఒకే బెంచీ మీద ఫ్రెంచిలో చదువుకున్న యాభై ఏళ్ల పాస్టరూ, ఇంగ్లీషులో చదువుకున్న పాతికేళ్ల కుర్రాడూ కూర్చుంటారు. ఇద్దరికీ సరిపడే పుస్తకం ఒకటి ఉండదు. ఇద్దరూ తప్పు లేకుండా చదవగలిగేది చేతిలోని కిన్యర్వాండ బైబిలే.

“అందుకే నా పద్ధతి చూడండి” అంది మేనకోడలు. “గ్వాటెమాలాలో ప్రెస్బిటేరియన్ సెమినరీ వాళ్లు 1960ల మొదట్లో లెక్క చూసుకుంటే, పాతికేళ్లలో చేర్చుకున్న రెండు వందల పైచిలుకు విద్యార్థుల్లో పాస్టర్లుగా మిగిలినవాళ్లు పది మంది. రాజధానిలో చదువుకున్నవాడు మళ్లీ కొండ పల్లెకు పోడు. దాంతో రాల్ఫ్ వింటర్, జేమ్స్ ఎమరీ, రాస్ కిన్స్లర్ తిరగేసి ఆలోచించారు. పాస్టరును సెమినరీకి లాక్కురావడం మాని, సెమినరీనే పాస్టరు ఊరికి పంపారు. ఇంట్లో చదువుకునే పుస్తకం, వారానికోసారి దగ్గర్లో పంతులుతో కూడిక, అప్పుడప్పుడూ అందరూ ఒకచోట కలవడం. 1963లో మొదలైన ఆ పద్ధతి ఎనిమిదేళ్లలో బెంగుళూరు చేరింది. నేను మా పల్లెల్లో చేసేదీ అదే. సోమవారం పొలం పని, మంగళవారం రాత్రి లూకా సువార్త. ఆదివారం ప్రసంగంలో ఆ పాఠం వినబడుతుంది, మళ్లీ మంగళవారం వచ్చి ఏం బెడిసికొట్టిందో చెబుతారు. రెండు వారాల పంతులుకు ఆ రెండో మంగళవారం ఉండదు మామయ్యా.”

“ఉండదు. కానీ నీ పద్ధతికి రువాండా సర్కారు డిగ్రీ ఇవ్వదు. తాళం వేసిన చర్చి ముందు నిలబడ్డ పాస్టరుకు కావాల్సింది కాగితం. ఆ కాగితం కోసం ఎలాగూ తరగతిలో కూర్చోక తప్పదు. కూర్చున్నప్పుడు చెత్త వినాలా, మంచి పాఠం వినాలా?”

“కాగితం కోసం కూర్చున్నవాడు పాఠం వినడు, పరీక్షకు ఏది వస్తుందో అడుగుతాడు. మీకు నేను చెప్పాలా?”

ఇద్దరూ నవ్వుకున్నారు. దేశం ఏదైనా ఆ ప్రశ్న ఒకటే. ఆ తర్వాత మేనకోడలు ఆయన తయారు చేసుకున్న పాఠాల కాగితం అడిగి తీసుకుంది. మొదటి రోజు పంచకాండాల కర్తృత్వం మీద పండితుల వాదాలు. రెండో రోజు పురాతన మెసొపొటేమియా. అలా కిందికి చదువుకుంటూ పోయి, పదకొండో రోజు దగ్గర ఆగింది. న్యాయాధిపతులు పన్నెండో అధ్యాయం. పక్కన ‘సమయం ఉంటే’ అని రాసి ఉంది.

“ఇదా సమయం ఉంటే?”

ఆ అధ్యాయంలో యెఫ్తా నాయకత్వంలో గిలాదువాళ్లు ఎఫ్రాయిమువాళ్లను ఓడిస్తారు. ఇద్దరూ ఇశ్రాయేలీయులే, ఒకే దేవుడు, ఒకే భాష. పారిపోయేవాళ్లు యొర్దాను దాటే రేవుల దగ్గర గిలాదువాళ్లు కాపు కాస్తారు. దాటబోయిన ప్రతివాణ్ణీ ఆపి ‘షిబ్బోలెతు’ అనమంటారు. ఎఫ్రాయిము యాసలో ఆ అక్షరం సరిగా పలకదు. పలకనివాణ్ణి అక్కడే చంపుతారు. నలభై రెండు వేల మంది చచ్చారని గ్రంథం చెబుతుంది. 1994లో రువాండాలో ప్రతి దారి మలుపులోనూ అడ్డుకట్టలు వెలిశాయి. అక్కడ హుటూలూ, టుట్సీలూ మాట్లాడే భాషలో తేడా లేదు, అందుకని నోరు తెరవమనలేదు, కార్డు తీయమన్నారు.

“ఇది నువ్వు చూసినట్టు నేను చూడలేదనుకున్నావా?” అన్నాడు మామయ్య నెమ్మదిగా. “చూశాను కాబట్టే చివర పెట్టాను. ఆ తరగతిలో అడ్డుకట్ట దగ్గర నిలబడ్డవాడి కొడుకు ఉండొచ్చు. అక్కడ పడిపోయినవాడి తమ్ముడూ ఉండొచ్చు. ఇప్పుడు కార్డుల మీద జాతి పేరు లేదు. నువ్వెవరివి అని తరగతిలో అడగడానికి లేదు. జాతిద్వేషం రెచ్చగొట్టే మాటల మీద 2008 నుంచి కఠినమైన చట్టం ఉంది. నేను విదేశీయుణ్ణి. ఏ మాట ఎక్కడ తగులుతుందో నాకు తెలియదు. వాళ్ల పంతులే ఎప్పుడో చెప్పుకుంటాడు.”

“ఇప్పటిదాకా మీరు వెళ్లాలన్నారు, నేను వద్దన్నాను. ఇప్పుడు మీరే తప్పుకుంటున్నారు” అంది మేనకోడలు. “వాళ్ల పంతులు ఎలా చెబుతాడు? ఆయన నోట ఈ అధ్యాయం వచ్చిన క్షణాన, ఈయన ఏ వైపువాడు, ఎవరిని అంటున్నాడు అని గది అంతా లెక్కలు వేసుకుంటుంది. మీరు ఏ వైపువాళ్లూ కారు. మా పల్లెల్లో నాకు ఇదే అనుభవం. మాలపల్లె సంఘం వేరు, మాదిగపల్లె సంఘం వేరు, రెండింటికీ ఎఫెసీ పత్రిక ఒకటే. మధ్యగోడ పడగొట్టాడన్న ఆ రెండో అధ్యాయం మా సొంత పాస్టరు ఎవరు ఎత్తినా గొడవే. కేరళ నుంచి ఒక బోధకుడు వచ్చి అమాయకంగా అదే అధ్యాయం చదివించి, ఈ ఊళ్లో ఆ గోడ ఎక్కడుంది అని అడిగాడు. రెండు సంఘాల పాస్టర్లూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరూ ఆయన మీద కోప్పడలేకపోయారు. బయటివాడికి ఉన్న ఒక్క అధికారం అదే. దాన్ని వదిలేసి పంచకాండాల కర్తృత్వం చెప్పడానికయితే వెళ్లొద్దు.”

“ఆ బోధకుడు మర్నాడు రైలెక్కి వెళ్లిపోయాడు. పర్యవసానం ఎవరు పడ్డారు?”

“మేమే పడ్డాం. రెండేళ్లు పట్టింది. అందుకే అంటున్నాను, వెళితే మళ్లీ మళ్లీ వెళ్లాలి. ఒక్కసారి వెళ్లి గాయం గోకి రావడం కంటే ఇంట్లో కూర్చోవడం మేలు.”

మామయ్యకు డెబ్బై దగ్గర పడుతున్నాయి, మోకాళ్లు బాగాలేవు. మళ్లీ మళ్లీ వెళతానని మాట ఇవ్వలేనన్నాడు. ఇవ్వలేనప్పుడు పన్నెండో అధ్యాయం ముట్టుకునే హక్కు లేదని ఆమె; ముట్టుకోమన్నదీ నువ్వే కదా అని ఆయన. ఆ ముడి అక్కడ విడలేదు. కాగితం మీద మాత్రం కొన్ని మార్పులు జరిగాయి. మొదటి రెండు రోజుల పాఠాలు కొట్టేశారు. ఆదికాండము తొమ్మిది, పది అధ్యాయాలకు మూడు రోజులు ఇచ్చారు. ఆయన మాట్లాడడం కంటే విద్యార్థులు ముగ్గురు ముగ్గురుగా కూర్చుని కిన్యర్వాండ బైబిలులో ఎవరు ఎవరిని శపించారో, ఎవరిని శపించలేదో వెతికి పట్టుకోవడానికే ఎక్కువ సేపు. అనువాదకుడి భారం కూడా దాంతో తగ్గుతుంది. పరీక్ష పత్రం తయారు చేసేదీ దిద్దేదీ అక్కడి అధ్యాపకుడే. ఏది తెలిస్తే వాళ్ల సంఘాలకు ఉపయోగమో ఆయనకే తెలుసు.

యెహోషువ గ్రంథం దగ్గర మళ్లీ ఇద్దరూ చిక్కుకున్నారు. యెరికోలో ఆడామగా, పిల్లా పెద్దా తేడా లేకుండా అందరినీ హతం చేసిన ఆరో అధ్యాయాన్ని ఆ దేశంలో ఎలా చెప్పాలి? వదిలేస్తే, ఏ దురుద్దేశం ఉన్నవాడో రేపు దాన్నే ఎత్తుకుంటాడని ఆయన భయం. చెబితే, ఎదుట కూర్చున్న మనిషి ఏం వింటాడోనని ఆమె భయం. అక్కడి సహ అధ్యాపకుణ్ణి అడుగుతానన్నాడు మామయ్య.

“ఆ అధ్యాయం ఉండాలా వద్దా అని అడక్కండి. మర్యాదకు ఉండనివ్వండి అంటారు” అంది మేనకోడలు. “మన దగ్గరలాగే అక్కడా పాఠానికి ముందు విద్యార్థి లేచి అధ్యాయమంతా పైకి చదివే అలవాటు ఉందేమో కనుక్కోండి. ఉంటే ఆ ఒక్కరోజు మానేసి, ఎవరికి వాళ్లు మనసులో చదువుకోనివ్వొచ్చా అని రాయండి.”

ఆయన కళ్లజోడు సరిచేసుకుని, కంప్యూటరులో ఆ ప్రశ్న టైపు చేయడం మొదలుపెట్టాడు. ఆమె పక్కనే కూర్చుని, ‘గౌరవనీయులైన’ తర్వాత మరీ పొడుగు సాగదీస్తున్నారని ఆయన ఇంగ్లీషు దిద్దుతోంది.